కోటును తిరగేసి చూడండి

అందరికీ నమస్కారం. పాత సైనిక దుస్తులు అసలువో నకిలీవో తేల్చమని తెచ్చేవాళ్లు ముందు కథ చెబుతారు. ఫలానా యుద్ధంలో ఫలానా అధికారి తొడుక్కున్న కోటండీ అని. నేను ఊఁ కొడుతూనే కోటును తిరగేస్తాను. బయటి వైపు అందరూ చూస్తారు కాబట్టి నకిలీ చేసేవాడి శ్రద్ధంతా అక్కడే. లోపలికి వచ్చేసరికి వాడి ఓపిక అయిపోతుంది.

ముందు కుట్టు మడతలు తెరిచి చూడండి. ఎండకు వెలిసిన బట్టయితే మడత లోపల, కాలర్ కింద, జేబు మూత అడుగున పాత రంగు ఇంకా నిండుగా ఉంటుంది. టీ డికాక్షన్‌లో ముంచి ముసలితనం తెప్పించిన బట్టకు ఆ తేడా ఉండదు. గోధుమరంగు మడతల్లోకి కూడా ఒకే తీరుగా పాకి ఉంటుంది. అరుగుదలా అంతే. మనిషి తొడుక్కున్న కోటు చంకల్లో, మోచేతుల దగ్గర, మెడ ఒరుసుకునే చోట అరుగుతుంది. వీపు మధ్యలో చిరుగులుండి కాలర్ అంచు కొత్తగా మెరుస్తుంటే, అక్కడ గరుకు కాగితం పని చేసిందనుకోవచ్చు.

తర్వాత దారం. పైదారం, కిందదారం పెనవేసుకునే మిషను కుట్టుకు ఎలియాస్ హోవ్ పేటెంటు 1846లో వచ్చింది. వాటర్లూ యుద్ధం 1815లో. కాబట్టి వాటర్లూ కోటులో ఆ కుట్టుంటే అనుమానించాలి. అయితే తొందరపడకండి. పొడవాటి అసలు కుట్లన్నీ అలా ఉన్నాయా, లేక ఒక్క లైనింగే తర్వాత ఎవరో మార్చారా? మరమ్మతు నకిలీ కాదు. దారం పాలియెస్టరా అని కూడా చూడండి, అది పుట్టిందే 1941లో. అనుమానముంటే, సొంతదారు ఒప్పుకుంటే, లోపలి నుంచి చిన్న పోగు తీసి కాల్చండి. ఉన్ని వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, బూడిద నలిపితే పొడి అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది.

అల్ట్రావయొలెట్ టార్చిని మాత్రం గుడ్డిగా నమ్మకండి. నేను నమ్మి బోల్తా పడ్డాను. తెల్ల నూలు ప్యాంటొకటి చీకట్లో నీలంగా మెరిసిపోయింది. అలా మెరిసేవి తెలుపు పెంచే రసాయనాలు, అవి 20వ శతాబ్దానివి కదా, ఇది కొత్త బట్టేనని చెప్పేశాను. తీరా చూస్తే, నాకు మురికిగా చూపించడం ఇష్టంలేక పాపం వాళ్లు ముందురోజే ఆ రసాయనాలున్న డిటర్జెంట్‌తో ఉతికి తెచ్చారు!

ల్యాబుకు పంపితే తేలిపోదా అని అడుగుతారు. వస్తువు వయసు లెక్కగట్టే కార్బన్ పరీక్షతో 1650 నుంచి 1950 మధ్య కాలాన్ని విడదీయడం చాలా కష్టం. మన దగ్గరికొచ్చే యూనిఫాంలు ఎక్కువగా ఆ మధ్యవే.

గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో, 1805లో ట్రఫాల్గర్ నౌకా యుద్ధం నాడు బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ తొడుక్కున్న కోటుంది. ఎడమ భుజం మీద తూటా రంధ్రం. దాని మీది రక్తమంతా నెల్సన్‌దేననుకుంటాం. కానీ అందులో కొంత, అదే రోజు ఓడ మీద ఆయనకంటే ముందు చనిపోయిన కార్యదర్శి జాన్ స్కాట్‌ది కావచ్చంటారు. కోటు అసలుదే. మరకల లెక్క వేరు.

సరే, ఈ బల్ల మీది కోటు సంగతి చూద్దాం. దగ్గరికి రండి. కాలర్ నేను ఎత్తి పట్టుకుంటాను, భూతద్దం మీలో ఎవరైనా తీసుకోండి.