214 కోట్ల దగ్గర ఆగిపోయే నంబర్: 2147483647 ప్రధాన సంఖ్య అని తేల్చేదెలా?

స్క్రీన్ మీద ఈ నంబర్ చూడండి. 2147483647. నోటితో చదివితే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. కోడింగ్ చేసేవాళ్లకు దీంతో ఎప్పుడో ఒకప్పుడు తగాదా తప్పదు. నాకైతే ఇక్కడ బెంగళూరులో, మారతహళ్లిలో చేసిన మొదటి ఉద్యోగంలోనే వచ్చింది. అమ్మకాలను పైసల్లోకి మార్చి కూడుతూ పోయాను. మొత్తం రెండు కోట్ల పద్నాలుగు లక్షల రూపాయలు దాటిందో లేదో, రిపోర్టులో మైనస్! పూర్ణసంఖ్యలు దాచే 32 బిట్ల ఇంట్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే మరి. పాత సిస్టమ్‌ల గడియారాలు 1970 నుంచి సెకన్లను ఇలాంటి ఇంట్‌లోనే లెక్కపెడతాయి, వాటికీ ఇదే గండం: 2038 జనవరి 19, మన టైమ్ ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. ఆ టైమ్‌కి మనం సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లోనే ఉంటాం లెండి.

సరే, అసలు విషయం. ఇది 2 పవర్ 31 మైనస్ 1. ఇలాంటివాటిని మెర్సెన్ సంఖ్యలంటారు. పవర్ ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన వచ్చే సంఖ్య కూడా ప్రధాన సంఖ్య అయిపోదు. 2 పవర్ 11 మైనస్ 1 అంటే 2047, అది 23 ఇంటూ 89. మన నంబర్ మాత్రం నిజంగానే ప్రధాన సంఖ్య అని 1772లో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ చెప్పాడు. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది.

మామూలు పద్ధతిలో వర్గమూలం దాకా, అంటే 46340 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాలి. దాదాపు 4,800 భాగహారాలు. ఎవరి వల్ల అవుతుంది?

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. మన నంబర్‌ని భాగించే ప్రధాన సంఖ్య ఒకటుంటే దాన్ని 'ప' అనుకుందాం. 2ని మళ్లీ మళ్లీ గుణిస్తూ ప్రతిసారీ ప తో భాగిస్తే, 31 అడుగులకు శేషం 1 వచ్చి కథ మొదటికొస్తుంది. ఫెర్మా సూత్రం ప్రకారం ప మైనస్ 1 అడుగులకీ శేషం 1 రావాలి. 31 ప్రధాన సంఖ్య కాబట్టి మధ్యలో ఎక్కడా మొదటికి రాదు. అంటే ప మైనస్ 1ని 31 భాగించి తీరాలి. ప బేసి సంఖ్య, కాబట్టి 62 కూడా భాగించాలి.

ఇంకోటి. 2 పవర్ 16ని వర్గం చేస్తే 2 పవర్ 32, దాన్ని ప తో భాగిస్తే శేషం 2. అంటే శేషాల లోకంలో 2 ఒక వర్గం. అలా జరగాలంటే ప ని 8తో భాగించినప్పుడు శేషం 1 గానీ 7 గానీ రావాలి. నాకు ఈ లెక్క మొత్తంలో బాగా నచ్చిన చోటు ఇదే.

రెండూ కలిపితే, 248తో భాగిస్తే 1 లేదా 63 మిగిలే సంఖ్యలే పనికొస్తాయి. 46340 లోపు అలాంటివి ఓ 370. వాటిలోనూ సగానికి పైగా ఊరికే ఎగిరిపోతాయి: 63లో 7 ఉంది, 249లో 3 ఉంది. మొదట నిజంగా భాగించి చూడాల్సింది 311. శేషం 35. తర్వాత 497, 559, 745... ఏవీ ప్రధాన సంఖ్యలు కావు, 1303 దాకా ఆగక్కర్లేదు. శేషం 226. ఆ తర్వాతది 1489. క్యాలిక్యులేటర్ తీయండి, 199 మిగలాలి.