ఆ రాత్రి నేను తిప్పిన స్విచ్

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న ఇంజనీరింగ్ పిల్లలకు నమస్కారం. ఇంధన పొదుపు వారోత్సవాలు కదా, ఎల్ఈడీ బల్బుల గురించి చెప్పమన్నారు. ఇందాకటివారు చక్కగా చెప్పారు. ముప్పై ఏళ్లు సబ్‌స్టేషన్‌లో షిఫ్టులు చేసినవాణ్ణి, నాకు చెప్పుకోవాల్సింది ఇంకొకటుంది.

మా రోజుల్లో ప్యానెల్ మీద రీడ్ల ఫ్రీక్వెన్సీ మీటరు ఉండేది, కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోందో చూపేది. దువ్వెన పళ్లలా సన్నటి ఉక్కు రేకులు వరసగా ఉంటాయి. 50 దగ్గరి రేకు బాగా ఊగుతుంటే అంతా కులాసా. ఆ ఊపు 49 వైపు జరిగిందా, చేతిలో టీ చల్లారిపోవాల్సిందే. కరెంటు గాదెలో పోసుకునే ధాన్యం కాదమ్మా. ఇక్కడ విజయవాడలో మీరు గ్రైండరు వేస్తే, ఆ క్షణంలోనే ఇబ్రహీంపట్నంలోనో శ్రీశైలంలోనో తిరుగుతూ కరెంటు పుట్టించే యంత్రం మీద ఆ బరువు పడుతుంది. వాడకం మించిపోతే గ్రిడ్‌లోని, అంటే ఒకే లైన్ల వలకు కట్టిన యంత్రాలన్నీ కలిసి నెమ్మదిస్తాయి, ఫ్రీక్వెన్సీ దిగుతుంది. మరీ దిగితే రిలేలనే కాపలా పరికరాలు వాటంతటవే కొన్ని ఫీడర్లను, అంటే వీధులకు కరెంటు తెచ్చే లైన్లను తెంపేస్తాయి. మీ వీధి చీకటైంది రాష్ట్రమంతా చీకటి కాకుండా ఉండటానికే కావచ్చు. దయచేసి ఇది ఇంట్లోవాళ్లకి చెప్పండి.

2012 జూలై 30న ఉత్తరాది గ్రిడ్ కూలింది. మర్నాడు మళ్లీ అదే, దాంతోపాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు. 60 కోట్లకు పైగా జనానికి కరెంటు లేదు. మనకేం కాలేదు, ఎందుకంటే అప్పటికి దక్షిణాదికి వాళ్లతో డీసీ లింకులే. అవి కరెంటు పంపుతాయి గానీ ఫ్రీక్వెన్సీని కలపవు. 2013 డిసెంబరు 31న రాయచూర్–సోలాపూర్ 765 కేవీ లైనుతో మనమూ కలిశాం. ఇప్పుడు దేశమంతా ఒకటే ఫ్రీక్వెన్సీ. బలం పెరిగింది, బాధ్యతా పెరిగింది.

సరే, ఆ రాత్రి సంగతి. ఎండాకాలం. అప్పుడు నేను గుంటూరు వైపు పనిచేస్తున్నాను. మొత్తం సప్లై పోయింది. రీడ్లన్నీ బిగుసుకుపోయాయి. ఆగిపోయిన థర్మల్ కేంద్రం తనంతట తాను లేవలేదు. ఫ్యాన్లు, నీటి పంపులు, బొగ్గు మిల్లులు, అన్నిటికీ బయటి కరెంటు కావాలి. అందుకే ముందు నీటి కేంద్రంలో డీజిల్ జనరేటరుతో ఒక యంత్రాన్ని లేపి, ఖాళీ లైను ఛార్జ్ చేసి, అంటే దానికి కరెంటిచ్చి, కొంచెం కొంచెంగా లోడు, అంటే వాడకం ఎక్కిస్తారు. దీన్ని బ్లాక్ స్టార్ట్ అంటాం. మాకు దఫాకి ఒక్క ఫీడరే ఇమ్మని గ్రిడ్‌ని నడిపించే లోడ్ డిస్పాచ్ కేంద్రం నుంచి ఆదేశం.

ఒకటి ఇచ్చాను. ఇంతలో ఫోన్. ఒక పెద్దమనిషి. ఆయన ఇంటి ఫీడరు ఇంకా ఎందుకివ్వలేదని. రెండోసారి చేసినప్పుడు బదిలీ మాటెత్తాడు. ఇంట్లో చంటిపిల్ల ఉంది నాకు. ఇచ్చేశాను. ఈ చెయ్యే, ఈ కుడి చెయ్యే ఆ స్విచ్ తిప్పింది. గంటలకొద్దీ ఆగిన ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, మోటార్లు ఒక్కసారిగా లాగేసరికి లోడు మామూలుకి రెట్టింపైంది. రేకుల ఊపు 48కి జారింది, అంతే, అక్కడ నీటి యంత్రం ట్రిప్, ఆగిపోయింది. మళ్లీ మొదటికి.

మా వరసలో నిజానికి తర్వాత ఇవ్వాల్సింది ఆసుపత్రి ఫీడరు. కాసేపటికి లైన్‌మన్ సైకిలు మీద వచ్చి, "సార్, అక్కడ పెట్రొమాక్స్ లైటు పెట్టుకుని కాన్పు చేస్తన్నారంట" అన్నాడు. తల్లీ బిడ్డా బతికారు. అది విన్నాక కానీ నేను కూర్చోలేదు.

లాగ్ షీటులో "ఫీడరు ఛార్జ్ చేశాను" అని రాసి సంతకం పెట్టింది నేను. ఫోన్ చేసినాయన పేరు రాయడానికి అందులో గడి లేదు. ఇప్పటికీ లేదనుకుంటాను. ఉండాలి. అదే నేను అడిగేది.

ఇంకొక్కటి, అమ్మా, చేతులు జోడించి అడుగుతున్నాను. కరెంటు పోగానే ఏసీ, గీజరు, మోటారు కట్టేయండి. వచ్చాక ముందు ఒక్క లైటు వెలగనివ్వండి. పది నిమిషాలాగి మిగతావి వేసుకోండి. ఆ పది నిమిషాలూ ఆపరేటరుకి ఫోన్ మాత్రం చేయకండి. అతని చెయ్యి స్విచ్ మీద ఉంటుంది.