కొండెక్కడం నుంచి ఛార్జింగ్ ఎక్కడం దాకా

నమస్తే అండీ, తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు మన మాట ‘ఎక్కు’.

మా ఊళ్లో ఈ మాట వినపడని పూట ఉండదు. “బస్సులో పోతాండారా, ఎక్కతారా?” అని అడుగుతారు. ‘కొండ’ అని విడిగా చెప్పాల్సిన పనే లేదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కేవాళ్లున్నారు. మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్ల మీదే ఎక్కేవాళ్లూ ఉన్నారు. 1944లో ఘాట్ రోడ్డు వచ్చాక బస్సెక్కి కొండెక్కడం మొదలైంది. చూడండి, రెండింటికీ ఒకే క్రియ!

సరే, ఎక్కడమంటే పైకి పోవడమే అనుకుందాం. మరి సెలైన్ సంగతేంటి? సీసా పైన వేలాడుతుంది, మందు కిందికి దిగుతుంది. అయినా “రెండు సీసాలు ఎక్కించినారు” అంటాం. ఫోనుకి ఛార్జింగ్ ఎక్కుతుంది. రేషన్ కార్డులో పేరు ఎక్కుతుంది. పిల్లోడికి లెక్కలు తలకెక్కవు. ఇక్కడ ఎక్కడమంటే లోపలికి చేరి నిలవడం అని నాకనిపిస్తుంది. నాకు ఈ మాటలో బాగా నచ్చేది ఇదే.

దీనికి ఎదురు మాట ‘దిగు’. కొండ దిగుతాం, బస్సు దిగుతాం, మత్తు దిగుతుంది, ఛార్జింగ్ కూడా దిగిపోతుంది. కార్డులో ఎక్కిన పేరు మాత్రం దిగదు, ఎవరో ఒకరు తీసేయాల్సిందే. తలకెక్కిన లెక్కలూ అంతే, మర్చిపోతాం గానీ ‘దిగినాయి’ అనం.

ఇక ‘కొండెక్కడం’. మదనపల్లె మార్కెట్లో టమాటా ధర కొండెక్కిందంటే అందకుండా పోయిందని. ఇంట్లో దీపం కొండెక్కిందంటే ఆరిపోయిందని. దీపం విషయంలో ‘ఆరిపోయింది’ అనడానికి నోరు రాక పెద్దవాళ్లు అట్లా అన్నారు. దేవుడు కొండ మీదున్న ఊళ్లో ఆ మాట వింటే దీపం ఆయన దగ్గరికే పోయినట్టుంటుంది నాకు.

ఈమధ్య వార్తల్లో, వీడియోల్లో అందరూ ‘అధిరోహించారు’ అంటున్నారు. రాజు సింహాసనం అధిరోహించాడంటే వినడానికి బాగుంది, దాని చోటు దానిది. కానీ గాలిగోపురం దాకా ఆగి ఆగి వచ్చిన అవ్వని పలకరిస్తే “ఎక్కేసినా నాయనా” అంటుంది. ఆవిడ గురించి చెప్పేటప్పుడు మనమూ ‘ఎక్కింది’ అనే చెబుదాం.