పీఠం ఒకటే, ఆరాధన వేరు: డబ్లిన్ క్రైస్ట్ చర్చ్ కెథెడ్రల్

సభకు నమస్కారం.

డబ్లిన్ నడిబొడ్డున ఉన్న క్రైస్ట్ చర్చ్ కెథెడ్రల్, అంటే బిషప్ పీఠముండే ప్రధాన ఆలయం, నేడు పోప్ అధికారాన్ని అంగీకరించని ఆంగ్లికన్ సంప్రదాయాన్ని అనుసరించే చర్చ్ ఆఫ్ ఐర్లండ్‌ది. 1030 ప్రాంతంలో దానిని నెలకొల్పినవారు ఆ నగరాన్ని ఏలిన నార్స్ (స్కాండినేవియా మూలాల) రాజు సిట్రిక్, తొలి బిషప్ డూనాన్. తొలినాటి బిషప్పులు అభిషేకం కోసం సముద్రం దాటి ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీకి వెళ్లేవారు. 1152లో డబ్లిన్ ఆర్చిబిషప్ పీఠమైంది. ఆ తరువాత ఆర్చిబిషప్ లారెన్స్ ఓటూల్ అగస్టీనియన్ నియమం పాటించే మఠవాసులను ఇక్కడ ప్రవేశపెట్టాడు.

16వ శతాబ్దంలో ఇక్కడ మతం మారిన తీరు మాత్రం కాస్త నిదానించి చూడదగినది. సెయింట్ పాట్రిక్‌దిగా భక్తులు కొలిచిన ‘యేసు దండం’ 1538లో మంటల పాలైంది. పోప్‌తో తెగతెంపులు చేసుకున్న ఇంగ్లండ్ రాజు ఎనిమిదవ హెన్రీ ఆజ్ఞతో మఠం రద్దయింది కానీ, మఠవాసులను వెళ్లగొట్టలేదు. చివరి మఠాధిపతి రాబర్ట్ కాసిల్ తొలి డీన్ (కెథెడ్రల్ పెద్ద) కాగా, ఆయన సహచరులే కొత్త పాలకవర్గమయ్యారు. హెన్రీ కూతురు, కథోలికురాలైన మేరీ రాణి కాలంలో కథోలిక ఆరాధన తిరిగివచ్చింది. అప్పుడు ఆర్చిబిషప్‌గా వచ్చిన హ్యూ కర్వెన్, ప్రొటెస్టంట్ అయిన ఎలిజబెత్ గద్దెనెక్కగానే ఆమె మతాధికారాన్నీ అంగీకరించి, 1567 దాకా అదే పదవిలో కొనసాగాడు. దీనిని అవకాశవాదమని కొట్టిపారేయడం తేలికే. అయితే పీఠానికి మతాన్ని నిర్ణయించింది రాజశాసనమే. ఐరిష్ ప్రజల్లో అత్యధికులు ఆ శాసనం వెంట నడవక కథోలికులుగానే నిలిచారు.

1562లో కప్పు, దక్షిణపు గోడ కూలిపోయాయి. ఆ తాకిడికి బయటికి ఒరిగిన ఉత్తరపు గోడ నేటికీ అలాగే నిలిచి ఉంది. లోపల నిలబడి తలెత్తితే ఆ వంపు కంటికే తెలుస్తుంది.

17వ శతాబ్దం నడుమ, రాచరికాన్ని తొలగించి పాలించిన క్రామ్‌వెల్ కాలంలో ఆంగ్లికన్ ప్రార్థనగ్రంథం కూడా నిషిద్ధమై, బిషప్పుల అధికారాన్ని ఒప్పుకోని ‘ఇండిపెండెంట్’ బోధకులు ఇక్కడ ప్రసంగించారు. రాచరికం మళ్లీ రాగానే ఆ గ్రంథమూ తిరిగివచ్చింది. 1689లో ఇంగ్లండ్ గద్దె కోల్పోయిన కథోలిక రాజు రెండవ జేమ్స్ డబ్లిన్‌కు వచ్చినప్పుడు ఇక్కడ మళ్లీ కథోలిక పూజ జరిగింది. మరుసటి ఏడాది బాయిన్ నది యుద్ధంలో ఆయన ఓడిపోవడంతో ఆ ముచ్చటా తీరిపోయింది. నాటి పూజలో వాడిన దివ్యప్రసాదపు మందసం, దీపస్తంభాలు నేలమాళిగలో ఉన్నాయి. ఆంగ్లికన్ కెథెడ్రల్ వాటిని దాచకుండా సందర్శకులకు చూపుతున్నది.

1871 నుంచి ఈ సంఘానికి రాజ్యమతహోదా పోయింది. అదే దశాబ్దంలో మద్యం తయారీదారు హెన్రీ రో సొంత సొమ్ము భారీగా వెచ్చించగా, వాస్తుశిల్పి జార్జ్ ఎడ్మండ్ స్ట్రీట్ కట్టడాన్ని చాలా మేరకు తిరిగి నిర్మించాడు. నేడు మనకు కనిపించే రూపంలో మధ్యయుగానిది ఎంతో, విక్టోరియా కాలానిది ఎంతో విడదీసి చూడటం సులభం కాదు.

కథోలికులు మాత్రం 2025 దాకా క్రైస్ట్ చర్చ్‌పై తమ హక్కును వదులుకోలేదు. అందుకే 1825లో ప్రారంభమైన సెయింట్ మేరీస్ ఆలయాన్ని కెథెడ్రల్ అనకుండా, తాత్కాలిక పీఠమన్న అర్థంలో తరతరాలుగా ‘ప్రో-కెథెడ్రల్’ అనే పిలుచుకున్నారు.