విరిగిన అక్రిలిక్‌కు ఏ జిగురు?

సభకు నమస్కారం. ఈ బల్ల మీద రెండు అక్రిలిక్ ముక్కలు పెట్టాను. ప్రసంగం అయ్యాక దగ్గరికి వచ్చి చేత్తో పట్టుకుని చూడండి. రెండూ మా ఇంటి చేపల తొట్టెలో నీటిని కింది సంపులోకి దించే ఓవర్‌ఫ్లో పెట్టెకు చెందిన మూలలే. ఒక మూల విరిగినప్పుడు నేను తొందరపడి, క్షణాల్లో పట్టేసే జిగురుతో అతికించాను. అతుకు చుట్టూ తెల్లని మరక పరుచుకుంది. కొన్ని నెలలకు ఆ ముక్క ఊడి నీళ్లలో పడింది. రెండో మూల విరిగేనాటికి కాస్త చదువుకుని ఉన్నాను కనుక దానికి ద్రావకం, అంటే ప్లాస్టిక్‌ను మెత్తబరిచే ద్రవం, వాడాను. ఆ అతుకు ఎక్కడ ఉందో వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే తప్ప కనిపించదు.

ఈ తేడాకు మూలం అక్రిలిక్ స్వభావంలోనే ఉంది. గాజులా కనిపించే ఈ ప్లాస్టిక్ అసలు పేరు పాలీమిథైల్ మెథాక్రిలేట్. 1930లలో జర్మనీలో ప్లెక్సిగ్లాస్‌గా, ఇంగ్లండులో పర్‌స్పెక్స్‌గా ఇది మార్కెట్లోకి వచ్చింది. ఇందులోని పొడవాటి అణు గొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయే గాని, ఒకదానికొకటి ముడిపడి ఉండవు. అందువల్ల తగిన ద్రావకం తగిలితే అవి వదులై కదులుతాయి. రెండు మెత్తబడిన అంచులను ఆ స్థితిలో కలిపి ఉంచితే ఇటు గొలుసులు అటు, అటు గొలుసులు ఇటు చొచ్చుకుపోతాయి. ద్రావకం ఆవిరైపోయాక మధ్యలో జిగురనే పరాయి పొర ఏదీ మిగలదు. అంటే అక్రిలిక్‌ను మనం అతికించడం లేదు, అతుకు దగ్గర మళ్లీ ఒకటిగా చేస్తున్నాం.

అయితే ముందుగా, విరిగింది అక్రిలికేనా అని చూసుకోవాలి. అక్వేరియంలో పారదర్శకంగా కనిపించే ప్రతి ప్లాస్టిక్కూ అక్రిలిక్ కాదు. ఫిల్టరు పెట్టెలు చాలావరకు పాలీస్టైరీన్ జాతివి. కొన్ని మూతలు పాలీకార్బొనేట్‌వి. నీటిలో తేలిందంటే అది పాలీప్రొపిలీన్ వంటిది. దానికి నేను చెప్పబోయే ద్రావకాలేవీ పనికిరావు. అక్రిలిక్ మునుగుతుంది. ఆరుబయట చిన్న తురుము కాల్చి చూస్తే అక్రిలిక్ పండ్ల వాసన వేస్తుంది, పాలీస్టైరీన్ నల్లని మసిపొగ వదులుతుంది. అన్నింటికన్నా నమ్మకమైన పని, కనిపించని మూలలో ఒక చుక్క ద్రావకం వేసి అది మెత్తబడుతుందో లేదో చూడటం.

ద్రావకాల్లో ప్రధానమైనది డైక్లోరోమీథేన్. మిథిలీన్ క్లోరైడ్ అన్నా అదే. విదేశీ సీసాల్లో దొరికే నీళ్లలాంటి అక్రిలిక్ సిమెంట్లు చాలావాటిలో చాలాకాలంగా ఉన్నది ఇదే. దుకాణాల పేరు బోర్డులు చేసే మన పనివారు ఎక్కువగా వాడేది క్లోరోఫారం. ఈ రెండింటి మధ్య తేడా మన ఊళ్లలో పనిచేసేవారికి ముఖ్యం. డైక్లోరోమీథేన్ సుమారు 40 డిగ్రీల దగ్గర మరుగుతుంది, క్లోరోఫారం 61 డిగ్రీల దగ్గర. విజయవాడ మే నెల మధ్యాహ్నం 40 దాటే ఎండలో మొదటిదాన్ని సూదితో అతుకులోకి వదిలితే, అంచు మెత్తబడేలోపే అది ఆవిరైపోతుంది. అతుకు పట్టినట్టే కనిపించి లోపల బుడగలతో బోలుగా ఉంటుంది. వానాకాలంలో మరో ఇబ్బంది: ఆవిరయ్యే ద్రావకం ఉపరితలాన్ని చల్లబరచడం వల్ల గాలిలోని తేమ అక్కడ చేరి అతుకు పాలలా తెల్లబడుతుంది. తెల్లవారుజామున, పొడి రోజున చేసుకోవడం మేలు.

పనితీరు ఇలా ఉంటుంది. విరిగిన ముక్కలను పొడిగానే దగ్గరికి చేర్చి, కదలకుండా టేపుతో బిగించి, సన్నని సూది ఉన్న సిరంజితో ద్రావకాన్ని అతుకు అంచున వదిలితే, అది తనంతట తానే సందులోకి పాకుతుంది. సిరంజిలోని రబ్బరు కాసేపటికే ఉబ్బి బిగుసుకుపోతుంది కనుక తీసుకున్న వెంటనే వాడేయాలి. ముక్కలను గట్టిగా నొక్కకూడదు. నొక్కితే మెత్తబడిన పొర బయటికి పిండుకుపోయి అతుకు బలహీనమవుతుంది.

ఇక్కడ ఒక షరతు ఉంది. పల్చని ద్రావకం ఖాళీని నింపదు. విరిగిన అంచులు సరిగ్గా కూడకపోయినా, మధ్యలో రవ్వంత ముక్క రాలిపోయినా అది పనిచేయదు. అప్పుడు అక్రిలిక్ పొట్టును ద్రావకంలో కరిగించి తేనెలా చేసిన చిక్కని సిమెంటు వాడాలి. పనివారు సీసాలో తురుము వేసి దీన్ని స్వయంగా చేసుకుంటారు. ఖాళీ ఇంకా పెద్దదైతే, లేదా అతుకు బరువు మోయవలసినదైతే, రెండు భాగాలు కలిపే మెథాక్రిలేట్ సిమెంటే సరైనది. అది ఆరదు, గట్టిపడి తానే అక్రిలిక్ అవుతుంది. ఆ క్రమంలో కుంచించుకుపోతుంది కనుక కొంచెం పొంగేలా పోసి, తరువాత అరగదీయాలి.

క్షణాల్లో పట్టే సైనోఅక్రిలేట్ జిగురును నేను పూర్తిగా తోసిపుచ్చను. పగడపు ముక్కలను రాళ్లకు అంటించడానికి దాని జెల్ రూపం ఎంతో మంచిది. కాని అక్రిలిక్ మీద దాని అతుకు పెళుసు; ఎప్పుడూ నీళ్లలోనే ఉండే చోట నెమ్మదిగా వదులవుతుంది. సిలికాన్ గాజుకు ప్రాణస్నేహితుడు, అక్రిలిక్‌కు కాదు. వేలితో పీకితే తోలులా ఊడొస్తుంది. ఎపాక్సీ, కనిపించని చోట, గరుకు చేసిన అంచు మీద, తాత్కాలికంగా సరిపోతుంది.

శుభ్రం చేయడంలో జరిగే పొరపాటు చాలామందిని బాధించింది, నన్ను కూడా. అతికించే ముందు అంచును స్పిరిట్‌తో తుడిస్తే, లోపల ఒత్తిడి దాచుకున్న అక్రిలిక్ వెంట్రుకల్లాంటి పగుళ్లు తెచ్చుకుంటుంది. మంటతో మెరుగుపెట్టిన అంచులూ, లేజరుతో కోసిన అంచులూ ద్రావకం తగిలినా అలాగే పగులుతాయి. సబ్బు నీళ్లతో కడిగి ఆరనిస్తే చాలు. లేజరు అంచును కాస్త చెక్కి వాడాలి.

నీటి బరువు మోసే గోడ పగిలితే మాత్రం అతుకు మీద ఆధారపడవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను. 2022 డిసెంబరు 16న బెర్లిన్‌లోని అక్వాడోమ్ అనే అక్రిలిక్ స్తూపాకార తొట్టె పగిలి సుమారు పది లక్షల లీటర్ల నీరు, దాదాపు 1,500 చేపలు బయటికి కొట్టుకొచ్చాయి. నిపుణుడి పరిశీలనలో కారణం తేలలేదు గాని, ఆయన పరిశీలించిన అవకాశాల్లో అతుకు విఫలం కావడం ఒకటి. నిపుణులు కట్టిన తొట్టె విషయంలోనే అతుకును అనుమానించవలసి వస్తే, మనం ఇంట్లో వేసిన అతుకు వెనుక రెండు వందల లీటర్ల నీటిని నిలపడం సరికాదు. మూతలు, పెట్టెలు, గొట్టం పట్టులు అతికించుకోండి; గోడ పగిలితే తొట్టె మార్చండి.

ఇక మన ఊపిరి సంగతి. డైక్లోరోమీథేన్ శరీరంలోకి వెళ్లాక కొంతభాగం కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ 2024లో దాని గృహ వినియోగాన్ని నిషేధించింది. క్లోరోఫారం కాలేయానికి హాని చేస్తుంది. మామూలు రబ్బరు చేతితొడుగులను ఈ ద్రావకాలు నిమిషాల్లో దాటేస్తాయి. కాబట్టి డాబా మీద, గాలి మీ వెనుక నుంచి వీచేలా నిలబడి, పిల్లలు లేని వేళ చేయండి.

అతుకు గంటలో గట్టిపడినట్టు అనిపిస్తుంది, కాని లోపలి ద్రావకం పూర్తిగా పోవడానికి రోజులు పడుతుంది. చిన్న ముక్కకైనా కనీసం రెండు రోజులు గాలికి ఆరనిచ్చి, ఆ తరువాత బకెట్ నీళ్లలో మరో రెండు రోజులు నానబెట్టండి. ఆ నీటిని ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. తియ్యని వాసన ఏమాత్రం తగిలినా ముక్కను బయటికి తీసి మళ్లీ ఆరబెట్టండి. వాసన లేదని తేలాకే దాన్ని చేపల దగ్గరికి చేర్చండి.