ఆ కవరు ఎవరి దగ్గర ఉంది?

వైద్య పరిశోధనలోకి అడుగుపెడుతున్న పీజీ విద్యార్థులకు నమస్కారం.

ట్రయల్ రూపకల్పన, అంటే మందును రోగులపై ఎలా పరీక్షించాలో నిర్ణయించడం, అనగానే అందరూ ఎంతమంది రోగులు కావాలని అడుగుతారు. నేను మాత్రం ముందు ఒక కవరు గురించి చెబుతాను.

1947లో బ్రిటన్‌లో క్షయకు స్ట్రెప్టోమైసిన్ పరీక్షిస్తున్నారు. మందు కొరతగా ఉంది. అంతకుముందు చాలా పరీక్షల్లో ఒకరికి మందు ఇచ్చి, తర్వాత వచ్చినవారికి ఇవ్వకుండా వంతుల పద్ధతి పాటించేవారు. అప్పుడు రాబోయే వంతు ఏదో డాక్టరుకు ముందే తెలిసిపోతుంది. కోలుకునేలా కనిపించే రోగిని మందు వంతు వచ్చేదాకా ఆపాలనిపిస్తుంది. అది మోసం కాదు, జాలి. అయినా ఫలితం పాడవుతుంది. అందుకే గణాంకవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ యాదృచ్ఛిక సంఖ్యల పట్టికతో కేటాయింపులు, అంటే ఏ రోగి ఏ వర్గంలోకి వెళ్లాలో, నిర్ణయించి, సీలు వేసిన కవర్లలో పెట్టించారు. రోగిని ట్రయల్‌లో చేర్చుకున్నాకే కవరు విప్పాలి.

మందు తీసుకున్నవారికి నెలల తరబడి రోజుకు నాలుగు ఇంజెక్షన్లు. రెండో వర్గానికి పడక విశ్రాంతే. ఉత్తుత్తి సూదులు పొడవలేదు. ఎక్స్‌రేలు చదివినవారికి మాత్రం అవి ఏ వర్గంవో చెప్పలేదు. ఆ నిర్ణయాన్ని నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. అయితే ట్రయల్‌లో ఉన్న సంగతి రెండో వర్గానికి తెలియనివ్వలేదు. దాన్ని ఈరోజు ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

ఆరు నెలల్లో మందు వర్గంలో 55 మందిలో నలుగురు, రెండో వర్గంలో 52 మందిలో 14 మంది మరణించారు. కానీ మందు వాడిన చాలామందిలో క్రిములు దానికి లొంగకుండా మారాయి. పోల్చిచూడటానికి రెండో వర్గం ఉంది కాబట్టే లాభం ఎంతో, దాని హద్దు ఎక్కడో తేలింది. ఒక్క మందు చాలదని, మందులు కలిపి ఇవ్వాలని తర్వాతి ట్రయల్స్ చూపాయి.

1956లో మద్రాసులో మరో ప్రశ్న వేశారు. రెండు మందులు ఇస్తూ రోగిని ఇంట్లోనే ఉంచితే శానిటోరియంలో, అంటే క్షయ రోగుల ఆసుపత్రిలో, ఉంచినంత మేలు జరుగుతుందా? ఇరుకు ఇళ్లలో ఉండే పేద రోగులు. శానిటోరియంలోనేమో మంచి తిండి, విశ్రాంతి, నర్సులు. అక్కడే బాగా నయమవుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. 193 మందిని యాదృచ్ఛికంగా పంచి ఏడాది పాటు చికిత్స చేశారు. రెండు వర్గాల్లోనూ ఫలితాలు దాదాపు ఒకేలా వచ్చాయి. ఇంట్లో ఉంచినందువల్ల కుటుంబ సభ్యులకు జబ్బు ముప్పు ప్రత్యేకంగా పెరగలేదు. పడక దొరకని లక్షలమందికి ఇంటి దగ్గరే చికిత్స చేసే దారి అలా తెరుచుకుంది.

మీరు ప్రోటోకాల్, అంటే ట్రయల్ రాతపూర్వక ప్రణాళిక, తెచ్చినప్పుడు నేను మొదట చూసేది ఒక్కటే: రోగిని చేర్చుకునే డాక్టరుకు తర్వాతి కేటాయింపు తెలిసే వీలు ఎక్కడైనా ఉందా? ఆ వీలు లేకుండా ఎలా చేస్తారో చెప్పే పేరా సరిగా రాసి తీసుకురండి. లెక్కలు ఆ తర్వాత కూర్చుని చేద్దాం.