పోయిన మనిషి మీద కోపం పోకపోతే

[తెర మీద: కోనసీమలో కొబ్బరితోట. మధ్యలో గట్టు, గట్టు మీద ఆరు చెట్లు.]

ఈ ఆరు చెట్ల కోసం నాకూ మా అన్నయ్యకీ తొమ్మిదేళ్లు మాటల్లేవండి. కొబ్బరికాయల దింపు వచ్చిన ప్రతిసారీ గొడవే. అలా ఉండగానే అన్నయ్య పోయాడు. పదో రోజున కోటిపల్లి రేవులో అందరితోపాటు నేనూ ధర్మోదకాలు వదిలాను. కంట్లోంచి చుక్క రాలేదు. "రాయిరా వీడు" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

చచ్చినోడి కళ్లు చారెడంటారు కదా. భోజనాల దగ్గర అందరూ ఆయన మంచితనమే చెప్పుకుంటుంటే, ఆయన వల్ల దెబ్బతిన్నవాడు నోరెత్తలేడు. మనిషి బతికుంటే ఎప్పటికైనా కూర్చుని తేల్చుకుంటామన్న ఆశ ఉంటుంది. ఆయనతోపాటు అదీ పోతుంది. నా కోపంలో సగం దానికేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఈ కోపం కూడా దుఃఖమేనండి. 2022లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దీర్ఘకాలిక శోకాన్ని తన రోగ నిర్ధారణ గ్రంథంలో చేర్చినప్పుడు, దాని లక్షణాల్లో కోపాన్నీ, మనసులో పేరుకునే చేదునీ కూడా రాసింది.

[తెర మీద: నోటుపుస్తకం, పెన్ను.]

1980ల్లో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వవేత్త, దాచుకున్న గాయాల గురించి విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజూ పావుగంట రాయించారు. అందరికీ పనిచేసే మందు కాదది. నేనూ రాశాను. మొదటి రెండు రోజులూ తిట్లే. మూడోనాడు 1996 తుఫాను గుర్తొచ్చింది. తోట నేలమట్టమైతే, ఈ ఆరు మొక్కలూ నాటింది మేమిద్దరమే. తోటలోకి వెళ్లే దారికి తాళం వేసింది మాత్రం నేనొక్కణ్ణే. అదీ రాశాను.

"పోయాడుగా, క్షమించెయ్" అంటారు. మిమ్మల్ని కొట్టి, హింసించిన మనిషిని క్షమించి తీరాలని ఎక్కడా లేదు. ఆ మాట నేను అనను.

ఏడాది దాటినా అదే ధ్యాసతో నిద్రా పనీ సాగకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అని, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ, ఉచితం, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదనిపిస్తే ఏడాది దాకా ఆగొద్దు, ఇప్పుడే చెయ్యండి.

[తెర మీద: మళ్లీ గట్టు.]

మొన్న దింపుకి అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు. "బాబాయ్, గట్టు మీదవి ఏం చెయ్యమంటావు?" అన్నాడు. ఏం చెప్పాలో నాకింకా తేలలేదు. దారికి తాళం మాత్రం తీసేశానండి.